బ్యాంకు డబ్బుని ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్లోకి పంపడం ఎట్టా: మా పిన్నికి దగ్గర కూర్చుని చేయించినట్టు, మొదట్నుంచి

సంక్రాంతికి విజయవాడ పటమటలో మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళా. భోజనాలయ్యాక ఆవిడ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, ఒరేయ్ ఈ డీమ్యాట్ తెరిచి మూడు నెలలైందిరా, డబ్బులు ఎట్టా వెయ్యాలో తెలీక అట్టాగే పడుంది, బ్యాంకులోంచి తీసి ఇందులో వేస్తే అవి ఎక్కడికి పోతాయో ఎవరి చేతిలో పడతాయో అని భయంగా ఉంది అంది. టీచర్‌గా చేసి రిటైరైన మనిషి, ఏళ్ళ తరబడి చిట్టీలు కట్టింది, చిట్టీ నడిపే ఆవిడ ఇల్లెక్కడో ఆవిడ మొగుడేం చేస్తాడో తెలీకుండా ఒక్క రూపాయి కట్టి ఎరగదు, అలాంటి మనిషికి ఫోన్‌లో పచ్చ బటన్ నొక్కితే లక్ష రూపాయలు వెళ్ళిపోతాయంటే భయం వెయ్యదా మరి.

ఆ రోజు ఇద్దరం కూర్చుని మొదలుపెట్టాం, కొన్ని రోజుల్లో మొత్తం పూర్తయింది. గుంటూరు వచ్చాక బ్రాడీపేటలో మా వీధిలోనే ఇంకో ముగ్గురు నలుగురు ఇవే డౌట్లు అడిగారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఏ షేర్ కొనాలి, ఏ ఫండ్ మంచిది అనేది ఇందులో లేదు. మీ డబ్బు బ్యాంకులోంచి బయల్దేరి మీ పేరు మీద పడేదాకా ఏం జరుగుతుంది, మధ్యలో ఎక్కడ ఆగుద్ది, ఆగితే ఏం చెయ్యాలి, అంతవరకే. కాస్త పొడుగే, డబ్బు విషయం కాబట్టి ఓపిగ్గా చదవండి.

ముందు అసలు డబ్బు ఎక్కడికి పోతుందో

డీమ్యాట్‌లో డబ్బు వేశా అని అందరం అంటాం గానీ డీమ్యాట్‌లో డబ్బు ఉండదండి, అక్కడ ఉండేవి షేర్లు, అవి షేర్లని దాచిపెట్టే సంస్థలు ఎన్‌ఎస్‌డీఎల్ దగ్గరో సీడీఎస్‌ఎల్ దగ్గరో ఉంటాయి. డబ్బు పోయేది ట్రేడింగ్ అకౌంట్‌కి. అంటే క్లయింట్ల డబ్బు కోసమని బ్రోకర్, అదే మన తరఫున షేర్లు కొని అమ్మిపెట్టే కంపెనీ, విడిగా పెట్టాల్సిన బ్యాంకు అకౌంట్ ఒకటి ఉంటుంది, అందులో పడతాయి, పడ్డాక మీ పేరు మీద లెడ్జర్‌లో, అంటే వాళ్ళ లెక్కల పుస్తకంలో, ఎంట్రీ వేస్తారు, యాప్‌లో ఫండ్స్ అని కనపడేది ఆ లెడ్జర్ బ్యాలెన్సే.

మ్యూచువల్ ఫండ్‌ది వేరే దారి. 2022 జులై 1 నుంచి బ్రోకర్లు గానీ మధ్యలో ఉండే యాప్‌లు గానీ మన ఫండ్ డబ్బుని వాళ్ళ అకౌంట్లో వేస్కుని అక్కడ్నుంచి పంపడం కుదరదు, షేర్ మార్కెట్‌ని అజమాయిషీ చేసే సెబీ ఆపేసింది, డబ్బు నేరుగా ఎక్స్‌చేంజ్ తరఫున డబ్బు లెక్కలు తేల్చే క్లియరింగ్ కార్పొరేషన్‌కో, ఫండ్ నడిపే కంపెనీ అంటే ఫండ్ హౌస్‌కో పోవాల్సిందే. అందుకే ఒకే యాప్‌లో షేర్ల కోసం ఫండ్స్‌లో 50,000 వేసి ఉంచినా, మ్యూచువల్ ఫండ్ కొనబోతే మళ్ళీ బ్యాంకు పేమెంట్ పేజీకి తీస్కెళ్తుంది. పిన్ని ఇక్కడే కంగారు పడింది, ఇందాక వేశాం కదా మళ్ళీ అడుగుతుందేంటి అని. అది మోసం కాదు, తప్పూ కాదు, రెండూ వేరే వేరే గొట్టాలు, ఒకదాంట్లో పోసిన నీళ్ళు రెండోదాంట్లోకి రావు. కాబట్టి ఫండ్‌లే కొనాలనుకునేవాళ్ళు ఫండ్స్ అనే చోట డబ్బు వెయ్యక్కర్లేదు.

ఐపీవో, అంటే ఒక కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం, ఈ రెండూ కాదు. అందులో డబ్బు మీ బ్యాంకులోనే ఉంటుంది, బ్లాక్ మాత్రం చేస్తారు, అలాట్ అయితేనే కట్ అవుద్ది. దాని గురించి కింద రాస్తా.

స్టెప్ 1: పేర్లు కలవాలి, అకౌంట్ మీదే కావాలి

నేను చూసినంతలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, అందుకే ఎక్కువ రాస్తున్నా.

బ్యాంకు అకౌంట్‌ని ట్రేడింగ్ అకౌంట్‌కి లింక్ చేసేటప్పుడు వాళ్ళు మీ అకౌంట్లోకి ఒక్క రూపాయి వేసి చూస్తారు, కొన్ని యాప్‌లలో అయితే మీ చేతే యూపీఐలో ఒక్క రూపాయి కట్టించి వెనక్కిస్తారు. ఆ రూపాయితో పాటు బ్యాంకు రికార్డులో మీ పేరు ఎట్టా ఉందో వాళ్ళకి తెలుస్తుంది, దాన్ని పాన్‌లో ఉన్న పేరుతో కలిపి చూస్తారు. మన తెలుగువాళ్ళ కష్టం ఇక్కడే మొదలవుద్ది. పాన్ మీద ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఇంటిపేరుని ఒక్క అక్షరంతో రాయనివ్వరు, బ్యాంకులో చూస్తేనేమో పాతికేళ్ళ కింద చేత్తో ఫారం నింపినప్పుడు ఇంటిపేరుకి ఒక్క అక్షరం పెట్టి ఊరుకుని ఉంటాం, ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటే పాన్‌లో వెనక ఉంటుంది, ఆడవాళ్ళకైతే ఒకదాంట్లో పుట్టింటి ఇంటిపేరు ఇంకోదాంట్లో అత్తింటిది. మనకి చూడగానే ఒకళ్ళే అని తెలుస్తుంది, కంప్యూటర్‌కి తెలీదు.

దీనికి చెయ్యాల్సిందేంటంటే పాన్, ఆధార్, పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్కోండి. చిన్న తేడా అయితే చాలామంది బ్రోకర్లు పాస్‌బుక్ మొదటి పేజీ గానీ, పేరు ప్రింట్ అయిన క్యాన్సిల్డ్ చెక్ గానీ, స్టేట్‌మెంట్ గానీ అప్‌లోడ్ చేస్తే మనిషి చూసి ఓకే చేస్తారు, ఒకట్రెండు రోజులు పట్టుద్ది. పెద్ద తేడా అయితే బ్యాంకుకెళ్ళి కేవైసీలో పేరు మార్పించుకోడమే మంచిది, పాన్ ఆధార్ జిరాక్సులు, ఒరిజినల్స్ పట్టుకెళ్ళండి. పిన్నిది రెండో రకం. బ్రాంచికి ఒకసారి వెళ్ళొచ్చింది, నాలుగు రోజులకి మారింది, ఆ తర్వాత లింక్ చెయ్యడం రెండు నిమిషాల పని.

ఇంకోటి, ఐఎఫ్ఎస్‌సీ కోడ్. పాత పాస్‌బుక్ చూసి కొట్టకండి. మన దగ్గర ఆంధ్రా బ్యాంకు అకౌంట్లు ఇంటికొకటైనా ఉండేవి, అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, పాస్‌బుక్ మీద ఏఎన్‌డీబీ అని మొదలయ్యే కోడ్ ఉంటే అది పాతది, ఇప్పుడు యూబీఐఎన్ అని మొదలవ్వాలి. సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరాలో కలిసింది. మొన్నమొన్నటిదాకా గుంటూరు హెడ్డాఫీసుగా ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు కూడా, 2025 మే 1 నుంచి మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. మిర్చి యార్డు డబ్బులు గ్రామీణ బ్యాంకు అకౌంట్లో పడే రైతులు చాలామంది ఉన్నారు, వాళ్ళు బ్రాంచిలో ఇప్పటి కోడ్ అడిగి రాయించుకోండి. కోడ్‌లో మొత్తం 11 ఉంటాయి, ఐదోది ఎప్పుడూ సున్నానే, ఓ అక్షరం కాదు, అది కొట్టి ఎర్రర్ వస్తుందని ఫోన్ చేసినవాళ్ళున్నారు.

ఇక అసలు విషయం. డబ్బు మీ పేరున్న, మీరు లింక్ చేసిన బ్యాంకు అకౌంట్లోంచే రావాలి. నాన్నగారి అకౌంట్లోంచి, మీ ఆవిడ ఫోన్‌పేలోంచి, బావమరిది గూగుల్‌పేలోంచి పంపితే కుదరదు. క్యాష్ అసలే కుదరదు, క్రెడిట్ కార్డు కుదరదు. మన ఇళ్ళల్లో డబ్బు నీది నాది అని ఉండదు, ఎవరి ఫోన్‌లో బ్యాలెన్స్ ఉంటే వాళ్ళు కొట్టేస్తారు, నేనూ మొదట్లో అట్టాగే చేశా, నా అకౌంట్లో తక్కువుందని మా ఆవిడ అకౌంట్లోంచి ఐఎంపీఎస్‌లో 40,000 పంపా, బ్రోకర్ లెడ్జర్‌లో ఎక్కలేదు, మూడు రోజులు ఎక్కడుందో తెలీలేదు, తర్వాత ఆవిడ అకౌంట్‌కే వెనక్కొచ్చింది. అప్పుడు చిరాకు పడ్డాగానీ తర్వాత ఆలోచిస్తే ఆ రూల్ ఉండాల్సిందే అనిపించింది, లేకపోతే ఎవడో ఎవడి అకౌంట్లోంచో కొట్టేసిన డబ్బుతో వాడి పేరు మీద షేర్లు కొనేస్కుంటాడు.

ఇంట్లో వేరేవాళ్ళ డబ్బు పెట్టాలంటే ముందు వాళ్ళ అకౌంట్లోంచి మీ అకౌంట్‌కి పంపించుకోండి, అక్కడ్నుంచి బ్రోకర్‌కి పంపండి. భార్య, భర్త, అమ్మానాన్న, తోడబుట్టినవాళ్ళు ఇస్తే తీస్కున్నవాళ్ళకి దాని మీద టాక్స్ లేదు. కానీ మొగుడు భార్యకి ఇచ్చిన డబ్బు మీద వచ్చే ఆదాయం మాత్రం మొగుడి లెక్కలోనే కలుస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్‌కి చెప్పండి.

జాయింట్ అకౌంట్ ఉంటే మీ పేరు మొదట ఉన్న అకౌంటే లింక్ చెయ్యండి, తలనొప్పి తక్కువ.

స్టెప్ 2: ఎవరికి పంపుతున్నామో చూస్కోండి

ఇది చదవకుండా కిందికి వెళ్ళొద్దు, దణ్ణం పెట్టి అడుగుతున్నా.

మాకు బాగా తెలిసిన ఒకాయన, వన్ టౌన్‌లో హోల్‌సేల్ వ్యాపారం, వాట్సాప్ గ్రూపులో చేర్చారు ఎవరో, రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు, ఒక లింక్ ఇచ్చి యాప్ వేయించారు, ఆ యాప్‌లో డబ్బు వెయ్యడానికి ఒక అకౌంట్ నంబర్ పంపేవాళ్ళు, వేసిన ప్రతిసారీ నంబర్ మారేది, పేరు ఏదో ట్రేడర్స్ అని ఇంకోసారి ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని వచ్చేది. యాప్‌లో మాత్రం డబ్బు రెట్టింపు అయినట్టు కనపడింది. తీస్కుందామంటే ముందు టాక్స్ కట్టాలన్నారు, అదీ కట్టాడు. మొత్తం పోయింది. ఆయనకి చదువు లేక కాదు, లెక్కలు రాక కాదు, జీవితమంతా వ్యాపారమే చేశాడు. అవతల డబ్బు అందుకునేవాడి పేరు ఒక్కటి ఆగి చూస్కోలేదు.

అసలు బ్రోకర్ అయితే డబ్బు వేస్కునే అకౌంట్ రోజుకోటి మారదు. వాట్సాప్‌లో నంబర్ పంపరు. కాబట్టి చెయ్యాల్సినవి ఇవి. యాప్‌ని లింక్ నుంచి కాకుండా ప్లే స్టోర్‌లోంచో యాప్ స్టోర్‌లోంచో వేస్కోండి, కంపెనీ పేరు స్పెల్లింగ్‌తో సహా చూడండి. సెబీ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన బ్రోకర్ల లిస్ట్ ఉంటుంది, బ్రోకర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఐఎన్‌జెడ్ అని మొదలవుద్ది, అందులో ఆ కంపెనీ ఉందో లేదో చూడండి. నంబర్ ఉంటే సరిపోదు, దొంగలు నిజమైన కంపెనీ నంబరే కాపీ కొట్టి పెట్టేస్కుంటారు, అందుకే డబ్బు వెళ్ళే అకౌంట్‌ని కూడా చూడాలి.

దానికి 2025 అక్టోబర్ 1 నుంచి ఒక మంచి పద్ధతి వచ్చింది. సెబీ దగ్గర రిజిస్టరైనవాళ్ళు డబ్బు తీస్కోడానికి ప్రత్యేకంగా ఒక రకం యూపీఐ ఐడీ పెట్టారు. అందులో పేరు తర్వాత చుక్క పెట్టి బ్రోకర్ అయితే బీఆర్‌కే అని, మ్యూచువల్ ఫండ్ అయితే ఎంఎఫ్ అని ఉంటుంది, తర్వాత అట్ గుర్తు, దాని తర్వాత వాలిడ్ అనే మాట, దానికి ఆనుకుని బ్యాంకు పేరు. ఈ వాలిడ్ అనే హ్యాండిల్ బయటివాళ్ళెవరికీ ఇవ్వరు. పేమెంట్ చేసేటప్పుడు పచ్చ త్రికోణంలో బొటనవేలు పైకెత్తిన గుర్తు కనపడుద్ది. అట్టాగే సెబీ చెక్ అని ఒక టూల్ ఉంది, అందులో యూపీఐ ఐడీ గానీ, అకౌంట్ నంబరు ఐఎఫ్ఎస్‌సీ గానీ కొడితే అది నిజంగా రిజిస్టరైనవాళ్ళదో కాదో చెప్తుంది. పిన్నికి ఇది చూపించాక మొహంలో భయం పోయింది, ఇది ముందే చెప్పొచ్చు కదరా అంది.

బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌కి కూడా, 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లో అవతలి అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో పంపకముందే చూపించే సదుపాయం పెట్టాలని ఆర్‌బీఐ బ్యాంకులకి చెప్పింది. యాడ్ బెనిఫిషియరీ దగ్గర ఆ ఆప్షన్ కనపడితే నొక్కి చూడండి, బద్ధకించొద్దు.

స్టెప్ 3: ఏ దారిలో పంపాలి

యూపీఐ ఈజీ, చార్జీ ఉండదు, వెంటనే లెడ్జర్‌లో ఎక్కుద్ది. మామూలుగా యూపీఐ అంటే రోజుకి లక్ష అని అందరికీ తెలుసు, షేర్ మార్కెట్ పేమెంట్లకి మాత్రం 2025 సెప్టెంబర్ 15 నుంచి ఒక్కసారికి 5 లక్షలు, 24 గంటల్లో 10 లక్షల దాకా పెంచారు. అయితే ఇది పై గీత, మీ బ్యాంకు ఇంతకంటే తక్కువ పెట్టుకోవచ్చు, మీ యాప్ ఇంకా తక్కువ పెట్టుకోవచ్చు. కొత్త ఫోన్‌లో యూపీఐ ఇప్పుడే సెట్ చేస్కుని ఉంటే మొదటి 24 గంటలు సాధారణంగా 5,000 మించి పోదు. లిమిట్ ఎర్రర్ వస్తే పదిసార్లు కొట్టకండి, మూడుసార్లు పిన్ తప్పు కొడితే అదొక తిప్పలు.

యూపీఐలో ఒక చిన్న మెలిక ఉంది. మీ యాప్‌లో రెండు మూడు బ్యాంకులు లింక్ అయి ఉంటే, పేమెంట్ చేసేటప్పుడు పైన ఏ బ్యాంకు సెలెక్ట్ అయిందో చూడండి. బ్రోకర్ దగ్గర ఉన్నది ఎస్‌బీఐ అయి మీరు ఇంకో బ్యాంకు నుంచి కొడితే, అది మీదే అయినా ఫెయిలవుద్ది, లేదా కట్ అయి వెనక్కొస్తుంది. రెండు బ్యాంకులూ వాడాలంటే రెండోదాన్ని కూడా బ్రోకర్ యాప్‌లో యాడ్ చేస్కోండి, ఒకటి ప్రైమరీగా ఉంటుంది, మిగతావి డబ్బు వెయ్యడానికి పనికొస్తాయి.

నెట్ బ్యాంకింగ్ కూడా వెంటనే ఎక్కుద్ది, కొంతమంది బ్రోకర్లు ప్రతిసారీ కొద్దిగా చార్జీ ప్లస్ జీఎస్టీ తీస్కుంటారు, పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. గ్రామీణ బ్యాంకులు, చిన్న కోఆపరేటివ్ బ్యాంకులు ఆ లిస్ట్‌లో చాలాసార్లు ఉండవు.

పెద్ద మొత్తాలకి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్. యాప్‌లో ఫండ్స్ యాడ్ చేసే దగ్గర బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అని నొక్కితే ఒక అకౌంట్ నంబర్ ఇస్తారు, చాలామంది బ్రోకర్లు మీ క్లయింట్ కోడ్ అందులోనే కలిపి ఇస్తారు, అది మీ ఒక్కరికే, పక్కింటాయనకి చెప్పి ఇందులో వెయ్యి అనకూడదు. దాన్ని మీ బ్యాంకులో బెనిఫిషియరీగా యాడ్ చేస్కోవాలి. కొత్త బెనిఫిషియరీకి కొన్ని బ్యాంకులు కొన్ని గంటలు ఆపుతాయి, కొన్ని మొదటి రోజు కొంత మొత్తమే పంపనిస్తాయి, అందుకే పొద్దున్నే కొనాలనుకుంటే ముందు రోజే యాడ్ చేసి పెట్టుకోండి. నెఫ్ట్ 2019 డిసెంబర్ 16 నుంచి 24 గంటలూ నడుస్తుంది, అరగంటకో బ్యాచ్ వెళ్తుంది, సేవింగ్స్ అకౌంట్ వాళ్ళకి ఆన్‌లైన్‌లో చార్జీ లేదు. ఆర్‌టీజీఎస్ కనీసం 2 లక్షలుండాలి, 2020 డిసెంబర్ 14 నుంచి అదీ రాత్రి పగలూ పనిచేస్తుంది. ఐఎంపీఎస్ 5 లక్షల దాకా. బ్యాంకు పంపడం క్షణాల్లో అయినా బ్రోకర్ లెడ్జర్‌లో ఎక్కడానికి కాసేపు పట్టొచ్చు, కంగారు పడొద్దు.

చెక్ ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు, పెద్దవాళ్ళు. తప్పేం లేదు, క్లియరయ్యేదాకా ఆగాలి అంతే.

స్టెప్ 4: ముందు 100 రూపాయలు

పిన్ని దగ్గర పెట్టాలనుకున్నది 3 లక్షలు. నేను మొదట 100 వేయించా. ఎందుకురా వంద కోసం ఇంత తతంగం అంది. వంద కొట్టాక మూడు చోట్ల చూశాం. బ్యాంకు మెసేజ్‌లో డబ్బు కట్ అయిందా, ఎవరి పేరు వచ్చింది. బ్రోకర్ యాప్‌లో ఫండ్స్‌లో 100 కనపడుతుందా. అదే యాప్‌లో లెడ్జర్ అని ఉంటుంది, అందులో తారీఖుతో ఎంట్రీ పడిందా. మూడూ సరిపోయాక ఆ 100 ని వెనక్కి విత్‌డ్రా పెట్టించా. రెండో రోజు బ్యాంకులో పడ్డాయి. అప్పుడే మిగతాది పంపించాం, అదీ ఒకేసారి కాకుండా. పోయే దారే కాదు వచ్చే దారి కూడా పనిచేస్తుందని చూస్కున్నాకే పెద్ద మొత్తం పంపాలి, పైన చెప్పిన వన్ టౌన్ ఆయనకి ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే ఎంత బావుండేదో. ఇక్కడ ఒక జాగ్రత్త, దొంగ యాప్‌ల వాళ్ళు కూడా నమ్మించడానికి చిన్న మొత్తాలు వెనక్కిస్తారు, కాబట్టి వంద వెనక్కొచ్చిందని స్టెప్ 2 మానెయ్యకండి, రెండూ చెయ్యాలి.

పంపిన ప్రతిసారీ రిఫరెన్స్ నంబర్ దాచుకోండి. యూపీఐ, ఐఎంపీఎస్‌కి 12 అంకెలు ఉంటాయి, నెఫ్ట్ నంబర్‌కి (దాన్ని యూటీఆర్ అంటారు) 16, ఆర్‌టీజీఎస్‌కి 22. పిన్ని అయితే చిట్టీల నోట్‌బుక్‌లోనే ఒక పేజీ తీసి తారీఖు, మొత్తం, నంబర్ రాసుకుంటుంది, నేను ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీస్తా, ఆవిడ పద్ధతే మేలు, నా స్క్రీన్‌షాట్లు వెతకడానికే అరగంట పడుతుంది.

స్టెప్ 5: ఏ టైమ్‌కి

మార్కెట్ 9:15కి తెరుస్తారు. సరిగ్గా ఆ టైమ్‌కి డబ్బు వేద్దామని కూర్చోకండి, అందరూ అప్పుడే కొడతారు, పేమెంట్ మధ్యలో వేలాడితే కొనేదీ పోద్ది డబ్బూ ఇరుక్కుంటుంది. ముందు రోజు సాయంత్రం వేస్కోండి. అలాగని నెలల తరబడి బ్రోకర్ దగ్గర ఊరికే ఉంచొద్దు, దాని మీద మీకు వడ్డీ రాదు. వాడకుండా మిగిలిన డబ్బుని బ్రోకర్ నెలకో మూడు నెలలకో, మీరు ఎంచుకున్న దాన్ని బట్టి, మీ బ్యాంకుకి వెనక్కి పంపెయ్యాలని రూల్ కూడా ఉంది. ఒక శుక్రవారం పొద్దున్నే ఫండ్స్ సున్నా చూపించిందని మా ఫ్రెండ్ ఒకడు అరండల్‌పేట నుంచి పరిగెత్తుకొచ్చాడు, తీరా చూస్తే బ్యాంకులో పడున్నాయి.

మ్యూచువల్ ఫండ్‌కి టైమ్ ఇంకా ముఖ్యం. 2021 ఫిబ్రవరి 1 నుంచి మీరు ఆర్డర్ పెట్టిన టైమ్ కాదు, డబ్బు ఫండ్ హౌస్ చేతికి అందిన టైమ్ లెక్క. మధ్యాహ్నం 3 గంటల లోపు అందితే ఆ రోజు ఎన్‌ఏవీ, అంటే ఆ రోజు యూనిట్ ధర, దొరుకుద్ది. లిక్విడ్, ఓవర్‌నైట్ ఫండ్స్‌కి గడువు ఇంకా ముందే, 1:30కే. మీరు 2:50కి కట్టారనుకోండి, మధ్యలో క్లియరింగ్ కార్పొరేషన్ దాటి పోవాలి కాబట్టి ఆ రోజుది దొరక్కపోవచ్చు. పొద్దున పది పదకొండులోపు కట్టేస్తే గొడవ ఉండదు.

నెలనెలా సిప్ పెట్టేవాళ్ళకి

సిప్ అంటే నెలనెలా ఫండ్‌లో ఇంత అని వెయ్యడం. మ్యాండేట్, అంటే నెలనెలా కట్ చేస్కోమని బ్యాంకుకి ఇచ్చే పర్మిషన్, ఒకసారి పెడితే చాలు, నెలనెలా మనం పంపక్కర్లేదు. యూపీఐ ఆటోపే అయితే అప్పటికప్పుడు అయిపోద్ది, మామూలుగా ఆటోపేలో 15,000 దాటితే ప్రతిసారీ పిన్ అడుగుతుంది గానీ మ్యూచువల్ ఫండ్‌కి ఆ గీత లక్షకి పెంచారు. బ్యాంకు మ్యాండేట్ అయితే, అదే నాచ్ అంటారు, అప్రూవ్ అవ్వడానికి కొన్ని రోజులు పట్టుద్ది, మొదటి కిస్తీ తారీఖు దానికి తగ్గట్టు పెట్టుకోండి. మ్యాండేట్ మొత్తం 25,000 అని కనపడితే భయపడొద్దు, అది గరిష్ఠం, మీరు 5,000 సిప్ పెడితే 5,000 మాత్రమే కట్ అవుద్ది.

తారీఖు మాత్రం మీ ఇంట్లో డబ్బు వచ్చే రోజుని బట్టి పెట్టండి. పెన్షన్ ఒకటో తారీఖున పడే వాళ్ళు ఐదో తారీఖు పెట్టుకుంటే సరిపోద్ది, బ్యాలెన్స్ ముందు రోజు రాత్రికే ఉండాలి. లేకపోతే బ్యాంకు బౌన్స్ చార్జీ వేస్తుంది, వరసగా మూడు నెలలు ఫెయిలైతే సిప్ ఆగిపోద్ది. మిర్చి, పత్తి మీద బతికేవాళ్ళకి నెలనెలా ఒకేలా రాదు, పంట అమ్మిన నెలల్లో వస్తుంది, వాళ్ళు బలవంతంగా సిప్ పెట్టుకుని బౌన్స్ చార్జీలు కట్టే కంటే డబ్బొచ్చినప్పుడు వేస్కోడమే నయమని నా అభిప్రాయం.

ఐపీవో గురించి రెండు ముక్కలు

యాప్‌లో అప్లై చేశాక మీ యూపీఐ యాప్‌కి మ్యాండేట్ రిక్వెస్ట్ వస్తుంది, దాన్ని ఒప్పుకోవాలి, ఆఖరి రోజు సాయంత్రం 5 లోపు. చాలామంది అప్లై చేసి ఇది మర్చిపోతారు, అప్పుడు అప్లై చెయ్యనట్టే. యూపీఐతో 5 లక్షల దాకా వెయ్యొచ్చు. బ్లాక్ అయిన డబ్బు మీ అకౌంట్లోనే ఉండి వడ్డీ వస్తూనే ఉంటుంది, అలాట్ అవ్వకపోతే వదిలేస్తారు. ఇక్కడా అదే రూల్, ఎవరి పేరు మీద అప్లై చేస్తే వాళ్ళ బ్యాంకు అకౌంటే.

డబ్బు కట్ అయింది, అక్కడ పడలేదు. ఇప్పుడేం చెయ్యాలి

మొదట చెయ్యకూడనివి. వెంటనే రెండోసారి కొట్టొద్దు, చాలాసార్లు రెండూ వెళ్తాయి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చెయ్యొద్దు, అక్కడ దొరికే నంబర్లలో దొంగవి ఉంటాయి, వాళ్ళు స్క్రీన్ షేర్ యాప్ వెయ్యమంటారు, వేస్తే మిగిలింది కూడా పోద్ది.

అరగంట గంట ఆగండి. లెడ్జర్ మళ్ళీ చూడండి. అప్పటికీ లేకపోతే బ్రోకర్ యాప్‌లోనే హెల్ప్ దగ్గర టికెట్ వెయ్యండి, ఆ 12 అంకెల నంబర్, తారీఖు, మొత్తం, బ్యాంకు మెసేజ్ స్క్రీన్‌షాట్ అన్నీ ఒకేసారి పెట్టండి, ఒక్కొక్కటీ అడిగించుకోకండి. ఆర్‌బీఐ 2019 సెప్టెంబర్‌లో పెట్టిన రూల్ ప్రకారం యూపీఐలో వ్యాపార సంస్థకి కట్టిన డబ్బు అవతల చేరకపోతే ఐదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 చొప్పున బ్యాంకు ఇవ్వాలి, ఐఎంపీఎస్ అయితే మర్నాటికే. చాలామందికి ఆ వంద సంగతి తెలీదు, బ్రాంచిలో ఈ మాట గట్టిగా చెప్పండి, అడగడం మన హక్కు.

బ్రోకర్ పలక్కపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో కంప్లైంట్ వెయ్యొచ్చు, కంపెనీ 21 రోజుల్లో జవాబివ్వాలి. సెబీ టోల్ ఫ్రీ 1800 266 7575, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. బ్యాంకు 30 రోజులైనా పట్టించుకోకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్. మోసం అని ఏమాత్రం అనుమానమొచ్చినా ఇవేవీ కాదు, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఆ క్షణమే, పరువు పోద్దని ఇంట్లో దాచిపెట్టి రెండ్రోజులు ఆలోచించొద్దు, డబ్బు అవతలి అకౌంట్లో ఉన్న గంటల్లోపు అయితేనే దాన్ని ఆపగలిగే అవకాశం ఎక్కువ.

వెనక్కి తీస్కోడం

షేర్లు అమ్మితే డబ్బు సెటిల్ అవ్వడానికి ఒక పని దినం పట్టుద్ది, తర్వాతే విత్‌డ్రా. విత్‌డ్రా మీ ప్రైమరీ బ్యాంకుకే పోతుంది, వేరే ఎవరి అకౌంట్‌కీ పంపలేరు, ఫోన్ పోయినా దొంగ తన అకౌంట్‌కి మళ్ళించుకోలేడు కాబట్టి ఇది మనకి రక్షణే. ప్రైమరీ బ్యాంకు అకౌంట్ మూసేసే ముందు బ్రోకర్ దగ్గర మార్చుకోండి. నామినీ పేరు కూడా అప్పుడే చూస్కోండి, పిన్ని నామినీ పెట్టలేదు, ఆ రోజే బాబాయ్ పేరు ఎక్కించాం.

ఇంకొక్కటి చెయ్యమని పిన్నికి చెప్పా. మీ డబ్బు, షేర్లు ఎంత ఉన్నాయని బ్రోకర్ చెప్పాడో ఎక్స్‌చేంజ్ నుంచి మెసేజో మెయిలో వస్తుంటుంది, పనికిరాని మెసేజ్ అనుకుని డిలీట్ చేస్తాం. దాన్ని తీసి యాప్‌లో ఆ తారీఖు లెడ్జర్‌తో కలిపి చూస్కోవాలి, తేడా ఉంటే ఆ రోజే బ్రోకర్‌ని అడగాలి. పోయిన ఆదివారం ఫోన్ చేసి, రెండూ సరిపోయాయిరా, నోట్‌బుక్‌లో టిక్కు పెట్టా అంది.